మా వీధి కింద ఉన్నది

ఆ ఎండాకాలం మా మావయ్య సరిగ్గా పంతొమ్మిది రోజులు గొప్పవారిగా బతికారు. అంతకుముందు ఆయన ఒట్టి డ్రిల్లరు తాతయ్య. తెల్లారగానే లేచి గేటు కీళ్ళకూ, వీధిలో పిల్లల సైకిళ్ళ గొలుసులకూ, చివరికి నా కుట్టుమిషనుకూ గ్రీజు రాస్తూ తిరిగే మనిషి. వద్దంటే వినరు. "ఇనుము ఏడుస్తుంటే ఎలా ఊరుకుంటావమ్మాయ్?" అంటారు. ఇనుము ఏడుపు వినిపించే ఆ చెవులకు నా కేకలు మాత్రం వినిపించవు.

ఆ గొప్పదనం ఆయనకు చట్టసభ నుంచి వచ్చింది. బ్యాటరీలకూ ఫోన్లకూ గట్టి ఉక్కుకూ కావలసిన ఖనిజాల కోసం ఎన్నాళ్ళని పరాయి దేశాల మొహం చూస్తాం, మన నేలలో ఉన్నవి మనమే తవ్వుకుందాం అని ఒక చట్టం చేశారు. కీలక ఖనిజాల చట్టం. టీవీలో రోజంతా అదే గోల. మా ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి, అన్నం ముందు కూర్చుని కూడా ఛానెల్ మార్చనిచ్చేవారు కాదు. "ఇన్నాళ్ళకి పనికొచ్చే పని ఒకటి చేశారు" అన్నారు. నేనూ సరే అన్నాను. మన గుమ్మం తొక్కనంత వరకూ మనకేం పోయింది?

మూడు వారాలకు అది మా గుమ్మం తొక్కింది. జీపు దిగి ఒక అమ్మాయి వచ్చింది. సర్వే ఆఫీసరు. ఎండకు మొహం కందిపోయింది, బూట్ల నిండా దుమ్ము. చేతిలో అంచులు నలిగిపోయిన పాత ఫైలు. "ఏడో బోరు వేసిన డ్రిల్లరు గారు ఉండేది ఇక్కడేనా?" అని అడిగింది.

మా వీధి పుట్టకముందు మాట అది. ముప్ఫయ్యారేళ్ళ క్రితం ఇక్కడ బీడు తప్ప ఏమీ లేదట. సర్వే వాళ్ళు గుడారాలు వేసుకుని, వంద మీటర్ల లోతుకు బోర్లు దించి, లోపలి రాయిని కడ్డీలుగా పైకి తీసి, చెక్కపెట్టెల్లో వరసగా పేర్చారు. వెతికింది దొరక్క గుడారాలు ఎత్తేశారు. పనివాళ్ళు కొందరు మాత్రం రేకులు కప్పుకుని ఇక్కడే ఉండిపోయారు. ఆ రేకులే తర్వాత పెంకులయ్యాయి, డాబాలయ్యాయి, ముప్ఫై రెండు ఇళ్ళ వీధి అయ్యాయి. ఏడో బోరు ఇనప మూత మా వీధి చివరి ఖాళీ స్థలంలో ఇప్పటికీ ఉంది.

"పాత పెట్టెలన్నీ గోదాములోంచి తీయించి మళ్ళీ పరీక్ష చేయించాం తాతగారూ" అంది ఆ అమ్మాయి, మంచినీళ్ళ గ్లాసు కింద పెడుతూ. "అప్పట్లో వాళ్ళు వెతికింది వేరే లోహం. మేం ఈసారి అన్నీ చూశాం. మీ ఏడో బోరులో మాలిబ్డినం ఉంది. ఉక్కులో కలిపితే ఉక్కు మరింత గట్టిపడుతుంది. కొత్త చట్టం జాబితాలో ఉన్న లోహం. అరవై మీటర్ల నుంచి డెబ్బై రెండు దాకా ఉంది. ఇంకే బోరులోనూ అంత రాలేదు."

"అరవై నుంచి డెబ్బై రెండా?" అన్నారు మావయ్య.

"అవునండీ. అక్కడంతా బంకమట్టిలాంటి మెత్తటి రాయి. అలాంటి చోట ఎవరు తీసినా కడ్డీ ముక్కలైపోతుంది. మీది ఒక్క చోట కూడా విరగలేదు. మా ఆఫీసులో పాతవాళ్ళు మీ చెయ్యి గురించి ఇప్పటికీ చెబుతారు."

మావయ్య తల వంచుకున్నారు. సిగ్గుపడుతున్నారనుకున్నాను.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. ఇక చూడాలి ఆయన వైభవం. ఎన్నడూ లేనిది రోజూ చొక్కా ఇస్త్రీ చేయమన్నారు. గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పాలవాడు ఆగి నమస్కారం పెట్టాడు. పోస్టుమాన్ ఉత్తరం లేకపోయినా ఆగాడు. నా దగ్గర జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కూడా ముందు ఆయన కథ విని, తర్వాతే టేపు ముందుకు వచ్చేవారు. ఆ కథలో బోరు రోజుకో పది మీటర్లు లోతయ్యేది. మా అత్తయ్య బతికి ఉంటే రెండో రోజే ఆయన్ని నేలకు దించేది. నాకు ఆ ధైర్యం లేకపోయింది. పైగా నిజం చెప్పొద్దూ, నాకూ కొంచెం గొప్పగానే ఉండేది.

తొమ్మిదో రోజున నోటీసు వచ్చింది. ముప్ఫై రెండు గుమ్మాలకూ ఒకే కాగితం. ఖనిజం ఉన్న ప్రాంతంగా మా వీధిని చట్టం షెడ్యూల్లో చేర్చబోతున్నారు. అభ్యంతరాలుంటే నోటీసు అందిన పదో రోజున బడిలో జరిగే విచారణలో చెప్పుకోవాలి. ఆ తర్వాత తొంభై రోజుల్లో ఇళ్ళు ఖాళీ చెయ్యాలి.

కాళ్ళ కింద నేల కదలడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పదకొండేళ్ళుగా ఆ ముందుగదిలోనే నా బతుకు. కిటికీ పక్కన మిషను. సాయంత్రం నాలుగింటి దాకా దీపం అక్కర్లేదు, సూదిలో దారం కళ్ళు మూసుకుని ఎక్కించొచ్చు. గోడకు బడి యూనిఫారాల కొలతల పుస్తకం వేలాడుతుంటుంది. ఏ పిల్ల ఏ ఏడాది ఎంత పొడుగైందో వాళ్ళ అమ్మలకంటే నాకే బాగా తెలుసు. ఇంకో ఊళ్ళో నేనెవరు? గుర్తింపులేని ఒక టైలరమ్మను.

మా ఆయన కాగితం రెండుసార్లు చదివి తండ్రి వైపు తిరిగారు.

"ఇన్ని ఎకరాల బీడుంటే, పోయి పోయి ఇంటి పక్కనే వెయ్యాలా నాన్నా బోరు?"

"అప్పుడు ఇల్లు లేదురా."

"మరి తర్వాతైనా ఇల్లు కాస్త దూరంగా కట్టొచ్చుగా!"

ఆ రోజు నుంచి గుమ్మం ముందు కుర్చీ లోపలికి వచ్చేసింది.

పక్కింటి మాస్టారు బడి నుంచి రిటైరైనవారు. చట్టం ప్రతి తెప్పించుకుని, పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చివరిదాకా చదివిన మనిషి మా వీధిలో ఆయనొక్కరే. ఆ సాయంత్రం అందరినీ తన వరండాలో కూర్చోబెట్టారు.

"చట్టం తప్పని నేననను. ప్రతిదానికీ బయటి దేశాల ముందు చెయ్యి చాచడం ఎవరికి ఇష్టం? కానీ తొందరలో చేశారు. పాత బోరు రికార్డు ఒకటుంటే చాలు, కొత్తగా బోరు వేసి చూడకుండానే జాబితాలో పెట్టెయ్యొచ్చట. ఇంకో ముక్క కూడా ఉంది, వినండి. ఖనిజం ఉందా లేదా అన్నదాని మీద తప్ప వేరే అభ్యంతరాలు వినరు."

"అంటే మా గోడు చెప్పుకోకూడదా?" అంది చివరింటి పిన్ని.

"చెప్పుకోవచ్చమ్మా. రాసుకోరు."

పది రోజులు పది క్షణాల్లా గడిచాయి. మా ఆయన డ్యూటీ లేని రోజున పక్క ఊళ్ళలో అద్దె ఇళ్ళు చూసి వచ్చేవారు. ఒకదానికి కిటికీ లేదు, ఇంకోదానికి కిటికీ ఉంది కానీ గోడలోకి తెరుచుకుంటుంది. నేను సామాను కట్టడం మొదలుపెట్టాను. మావయ్య మాత్రం మంచం దిగడం మానేశారు. ఇల్లు పోతుందన్న దిగులనుకుని, ఆయన్ని విసుక్కోవడం కూడా మానేశాను. నేను ఒకరి మీద విసుక్కోవడం మానేశానంటే వ్యవహారం ముదిరినట్టే.

విచారణ రెండు రోజుల్లో ఉందనగా, నర్సుల తెల్లకోట్లు కుడుతున్నాను. ఆస్పత్రి వాళ్ళవి, ఆరు. ఐదోది మిషను మీద తిప్పేసరికి ఒడి మీద అరచేయంత నల్లమరక. ఒంటికాలి మీద లేచాను. తొక్కుడుబల్ల కింద చూస్తే ఇరుసు నిండా దట్టంగా నల్ల గ్రీజు. దిగులుతో మంచం పట్టిన మనిషి నేను కూరలకు వెళ్ళిన సందు చూసి లేచి రాశారన్నమాట. ఇక ఇంట్లో గ్రీజన్నదే ఉండకూడదని ఆయన మంచం కింద డబ్బా బయటికి లాగాను. పారేద్దామని మూత బిగిస్తుంటే డబ్బా మీది అక్షరాలు కంటపడ్డాయి. దేంతో చేశారో అచ్చేసి ఉంది. నోటీసులో పదిసార్లు చదివిన పేరే. మాలిబ్డినం.

మావయ్య మంచం మీద లేచి కూర్చున్నారు.

"మావయ్యా, బోర్లు వేసినప్పుడు కూడా ఈ గ్రీజే వాడారా?"

"గొట్టాల మరలకు అందరూ రాస్తారమ్మాయ్."

"మరలకేనా?"

నేను కదల్లేదు. ఆయన గోడ వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టారు.

"మెత్తటి రాయి గొట్టం లోపల పట్టేస్తుంది. సుత్తితో కొట్టి కొట్టి దించాలి. కొడితే విరుగుతుంది. విరిగిందా, ఆఫీసరు నలుగురి ముందూ నానా మాటలూ అంటాడు. అందుకని గొట్టం లోపల రాశాను. మోచేతి దాకా చెయ్యి పెట్టి పట్టించాను. వెన్నలా జారి వచ్చేది కడ్డీ. లోపల రాయకూడదని రూలుంది, పరీక్ష చెడుతుందని. పైపైన కడిగేసి పెట్టెలో పెట్టేవాణ్ణి."

"ఎంత లోతు దగ్గర?"

"అరవై దగ్గర మొదలుపెట్టాను. డెబ్బై రెండు దాటాక గట్టిరాయి తగిలింది. ఇక అక్కర్లేకపోయింది."

డబ్బా నేలకేసి కొట్టాను. ఇక నా నోరు ఆగలేదు.

"అంటే ఆ అమ్మాయి ఇదే గదిలో కూర్చుని చెప్పిన రోజే మీకు తెలుసు! వీధి వీధంతా మూటలు కట్టుకుంటుంటే తెలుసు! మీ అబ్బాయి ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే తెలుసు! తెలిసి కూడా పాలవాడి చేత నమస్కారాలు పెట్టించుకున్నారు!"

"తెలుసు" అన్నారాయన. గొంతు చాలా చిన్నగా ఉంది. "ముప్ఫయ్యేళ్ళు భూమికి చిల్లులు పొడిచానమ్మాయ్. ఎన్ని వందల బోర్లో. ఒక్కదాంట్లో, ఒక్కదాంట్లో కూడా ఏమీ దొరకలేదు. ఇప్పుడొచ్చి దొరికిందన్నారు. నా చెయ్యి మంచిదన్నారు. ఆ రెండూ ఒకేసారి అబద్ధమని నా నోటితో నేనే ఎలా చెప్పను?"

జాలి వేసింది. కానీ నా జాలికి ఆ రోజు తీరిక లేదు.

"ఎల్లుండి చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నేను రాసినంత మాత్రాన లోపల లేనట్టు కాదు. ఉండొచ్చు కూడా. నిజంగా ఉందంటే ఇచ్చెయ్యాల్సిందే. దేశానికి అవసరమంటున్నారు కదా."

"మీరిచ్చుకోండి. నేను ఈ కిటికీ కూడా ఇవ్వను."

ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు. చెబితే తండ్రిని అప్పుడే బస్సెక్కించి సర్వే ఆఫీసుకు తీసుకుపోయేవారు. చెప్పేది ఆయనంతట ఆయనే చెప్పాలని నాకెందుకో అనిపించింది.

బడిలో పెద్ద హాలు. పైన నాలుగు ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి ఆడడం లేదు. బల్ల వెనక విచారణాధికారి, పక్కన సర్వే అమ్మాయి, చివర టైపు చేసే ఆయన. మాస్టారు ముప్పావుగంట మాట్లాడారు. అధికారి మర్యాదగా విని, "ఇది ఖనిజానికి సంబంధించింది కాదండీ" అన్నారు. చివరింటి పిన్ని ఏడ్చింది. అదీ ఖనిజానికి సంబంధించింది కాదు. టైపు ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆఖరున మావయ్యను పిలిచారు. పాత రికార్డు మీద సంతకం ఆయనదేనని రాసుకోవాలి, అంతే. ఇస్త్రీ చొక్కాలో, చేతిసంచితో వెళ్ళి బల్ల ముందు నిలబడ్డారు.

"ఏడో బోరు కడ్డీలు తీసింది మీరేనా?"

"నేనేనండీ."

"ఈ సంతకం మీదేనా?"

"నాదేనండీ. అరవై మీటర్ల నుంచి డెబ్బై రెండు దాకా గొట్టం లోపల నల్ల గ్రీజు రాశానండీ."

టైపు ఆయన తలెత్తాడు. "కొంచెం నిదానంగా చెప్పండి. గొట్టం బయటా, లోపలా?"

"లోపల."

"ఏం రాశారన్నారు?"

"గ్రీజు. నల్లది." మావయ్య ఈసారి హాలంతా వినపడేలా చెప్పారు. "రాయకూడదు. రాశాను."

టైపు ఆయన వేళ్ళు టకటకా కదిలాయి. సర్వే అమ్మాయి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఈ ఏడో బోరు కనిపెట్టింది తనేనని ఆమెను ఆఫీసులో ఎంత మెచ్చుకున్నారో తర్వాత తెలిసింది. ఆమె తన ముందున్న కాగితాలు ఒకసారి సర్దుకుంది. "డబ్బా ఏమైనా ఉందా తాతగారూ?" అని మాత్రం అడిగింది. మావయ్య సంచిలోంచి తీసి ఇచ్చారు.

పక్కనే కొత్త బోరు వేసి చూడాలని, అందాకా నోటీసు ఆపాలని తీర్మానం రాశారు. ఇంటికొచ్చే దారంతా మా ఆయన తండ్రితో మాట్లాడలేదు. గుమ్మం ఎక్కేటప్పుడు మాత్రం ఆయన మోచేయి పట్టుకుని ఎక్కించారు. వీధిలో సగంమంది దండం పెట్టారు, సగంమంది "ముందే ఏడవొచ్చుగా ముసలాయన" అన్నారు. డ్రిల్లరు తాతయ్య కాస్తా ఆ రోజు నుంచి గ్రీజు తాతయ్య అయిపోయారు.

వారం తిరక్కుండా ఖాళీ స్థలంలో కొత్త యంత్రం దిగింది. ఐదు రోజులు తవ్వారు. మావయ్య తెల్లారేసరికి అక్కడ ఉండేవారు. గొట్టం పైకి వచ్చినప్పుడల్లా లోపలికి వేలు పెట్టి చూసి, వేలు చొక్కాకు తుడిచి చూసేవారు. తవ్వే కుర్రాళ్ళు నవ్వుకునేవారు. అయినా పట్టించుకోలేదు. అరవై దాటాక వాళ్ళ కడ్డీలు బిస్కెట్లలా ముక్కలై వచ్చాయి. "అలాగే రావాలి, అలాగే రానివ్వండి" అనేవారట.

తర్వాత పరీక్ష ఫలితానికి ఇంకో రెండు వారాలు. కట్టిన మూటలు విప్పాలో, విప్పినవి కట్టాలో తెలియని రెండు వారాలు. నాకు ముక్కు మీదే ఉండే కోపం కూడా ఎక్కడికో పోయింది. బడులు తెరిచే రోజులు దగ్గరపడుతున్నా యూనిఫారం కుట్టమని ఎవరూ రాలేదు. ఎవరి పిల్లలు ఏ ఊరి బడికి వెళతారో ఎవరికి తెలుసు? తొలివాన పడిన రోజున అందరం బయటికొచ్చి, మా ఇళ్ళ కప్పులవైపే చూస్తూ నిలబడ్డాం. కారినా సరే, మనదైతే చాలు అనిపించింది.

ఆ వానలోనే జీపు వచ్చింది. సర్వే అమ్మాయి గుమ్మంలోనే నిలబడి, తడవకుండా చొక్కా లోపల దాచిన కాగితం తీసింది.

"ఏమీ లేదు తాతగారూ. పై నుంచి కింది దాకా ఒట్టి రాయే. మీ వీధిని తీసేశారు."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా మెయిన్ రోడ్డు మీదికి పరిగెత్తాను. ఆ వేళకు మా ఆయన బస్సు అటుగా పోతుంది. నన్ను చూసి బ్రేకు వేశారు. వానలో తడుస్తూ "లేదట! ఏమీ లేదట!" అని అరిచాను. ఆయన స్టీరింగు మీద తల ఆనించి హారన్ నొక్కారు, అలా నొక్కుతూనే ఉన్నారు. బస్సులోవాళ్ళు ఏమనుకున్నారో ఏమో. ఆ రోడ్డు మీదే నేను బావురుమన్నాను. ఆ ఎండాకాలమంతటికీ అదే నా మొదటి ఏడుపు, హాయిగా ఏడ్చాను.

తిరిగి వచ్చేసరికి ఆ అమ్మాయి ఇంకా కూర్చునే ఉంది. ఆఫీసులో ఆమెకు చీవాట్లు బాగానే పడ్డాయట. కానీ ఇకమీదట పక్కన కొత్త బోరు వేసి చూడకుండా ఏ వీధినీ ఏ ఊరినీ షెడ్యూల్లో పెట్టకూడదని చట్టం కింద ఒక నిబంధన చేర్చారట.

"మీ పాత పెట్టెలు ఇంకా రెండు వందలున్నాయి" అంది మావయ్యతో. "ఏ బోరులో రాశారో ఏ బోరులో రాయలేదో మీరు తప్ప ఎవరూ చెప్పలేరు. గోదాముకు వచ్చి చెబుతారా?"

"అన్నీ చెబుతానమ్మా. మిగతావాళ్ళు రాసినవి కూడా చెబుతాను" అన్నారు మావయ్య. ఆమె నవ్వింది. ఆ నెలన్నరలో ఆ అమ్మాయి నవ్వడం అదే చూశాను.

మర్నాడు పొద్దున్నుంచి వీధంతా మేకులు కొట్టే చప్పుడు. ఎవరి పటాలు వాళ్ళు తిరిగి గోడలకు తగిలించుకుంటున్నారు. మధ్యాహ్నానికి నలుగురు పిల్లలు కొలతలకు వచ్చి పోయారు. నేను మిషను కిటికీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. మావయ్య ఎదురుగా కూర్చుని నాకు గుండీలు ఏరి ఇస్తున్నారు.

"మావయ్యా, ఒకటడుగుతాను. కొత్త బోరు దగ్గర రోజంతా నిలబడేవారు కదా. మనసులో ఏమనుకునేవారు?"

ఆయన చేతిలో గుండీలు అటూ ఇటూ పొర్లించారు.

"దొరకాలనుకున్నాను" అన్నారు. "మొదటి రెండు రోజులు. గొట్టం పైకి వచ్చినప్పుడల్లా, ఉండాలి, ఉండాలి అనుకున్నాను. ఇల్లు గుర్తే రాలేదమ్మాయ్."

కోపం రావలసింది, రాలేదు. "మరి మూడో రోజు?"

"మూడో రోజు నువ్వు అన్నం తెచ్చావు. ఈ ఎండలో నిలబడితే పోతారు, మీకోసం నేను పనులు మానుకుని తిరగాలి అని తిడుతూనే గిన్నె చేతికిచ్చావు. ఈ పిల్ల ఇంకో ఊళ్ళో, కిటికీ లేని గదిలో కూర్చుని ఇంత గట్టిగా తిట్టగలదా అనిపించింది. అప్పట్నుంచి, వద్దు, ఉండకూడదు అనుకున్నాను."

సూదిలో దారం ఎక్కించి, నేనూ నా గుట్టు విప్పాను.

"నేను మీకంటే తీసిపోయానా? మీరు గ్రీజు రాయకపోయి ఉన్నా, రాశానని మీ చేత చెప్పించేదాన్ని."

మావయ్య దగ్గు వచ్చేదాకా నవ్వారు. కళ్ళు తుడుచుకుని వాకిలి వైపు చూశారు. మా ఆయన నిచ్చెన మీద నిలబడి మేకు కొడుతున్నారు.

"వాడికి చెప్పకు" అన్నారు గొంతు తగ్గించి.

"ఏది? మీదా, నాదా?"

"రెండూ."

ఇప్పటిదాకా చెప్పలేదు.